చలికాలం, నిండు కడుపు, నల్గొండ బస్సు: దారిలో ఆగిపోతే ఏం చేయాలి

మన నల్గొండ చలి ఆదిలాబాద్ చలి కాదు. స్వెట్టర్ వేసుకుని చెవులకు స్కార్ఫ్ కట్టుకుంటే ఆగే చలే. కడుపుతో ఉండి రోజూ బస్సులో పోయొచ్చే ఆడవాళ్లకు డిసెంబర్, జనవరి నెలల్లో అసలు ఇబ్బంది చలి కాదు, దారిలో ఆగిపోవడం. పొద్దున పొగమంచు, వడ్ల ట్రాక్టర్ల వెనక నడక, సంక్రాంతికి టోల్‌ప్లాజా దగ్గర జామ్, సాయంత్రం ఆరయ్యేసరికి చీకటి. మామూలుగా అయితే విసుక్కుని ఊరుకుంటాం. ఏడో నెలలో మాత్రం అదే రెండు గంటలు నీళ్లు లేక, బాత్రూమ్ లేక, ఫోన్‌లో చార్జింగ్ లేక ఊరికీ ఊరికీ మధ్య కూర్చోవాల్సి వస్తే టెన్షనే.

నేను ఉండేది నల్గొండలో, పనిచేసేది చౌటుప్పల్‌లో ఒక ఆఫీసులో. కంప్యూటర్ ఆపరేటర్‌ని. నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా రోజూ పోయొస్తాను. నా రెండు కాన్పులకూ బరువు నెలలు చలికాలంలోనే వచ్చాయి. ఇప్పుడు మా ఆఫీసులో ఒక చెల్లెకు ఐదో నెల. "అక్కా, నువ్వెట్ల పోయొచ్చినవ్?" అని మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని రోజుకో ప్రశ్న అడుగుతోంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మీది మహబూబ్‌నగర్ దారి అయినా, దేవరకొండ, మిర్యాలగూడ దారి అయినా ఊర్ల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

ముందు డాక్టరమ్మను ఒక్క మాట సూటిగా అడగండి: "నేను రోజూ ఇంత దూరం బస్సులో పోవచ్చా?" మావి కిందికి ఉన్నా, రక్తం కనిపించినా, బీపీ 140/90 దాటుతున్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినా, కవలలైనా ఈ ప్రశ్నకు జవాబు వేరుగా ఉంటుంది. వద్దంటే వద్దనే. అప్పుడు కింద రాసిన ఉపాయాలేవీ అక్కరకు రావు, సెలవు కాగితమే అక్కరకు వస్తుంది.

దారిని ముక్కలు చేసుకోండి

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. నల్గొండ నుంచి చౌటుప్పల్‌దాకా ఒకటే దారి అనుకుంటే దారిలో ఏదైనా అయినప్పుడు బుర్ర పనిచేయదు. నేను దాన్ని మూడు ముక్కలు చేసుకున్నాను. నల్గొండ నుంచి నార్కట్‌పల్లి ఒకటి, అక్కడ హైవే ఎక్కి చిట్యాల దాకా రెండోది, చిట్యాల నుంచి పంతంగి టోల్‌ప్లాజా దాటి చౌటుప్పల్ మూడోది. ఒక్కో ముక్కలో ఎక్కడ దిగవచ్చు, అక్కడికి దగ్గరలో కాన్పులు చేసే దవాఖానా ఏది, ఫోన్ చేస్తే ఎవరు తొందరగా రాగలరు. ఈ మూడూ ఒక చీటీ మీద రాసి ఫోన్ కవర్ వెనక పెట్టుకున్నాను. అన్నెపర్తి దాటకముందు ఏమైనా అయితే వెనక్కి నల్గొండ పెద్దాసుపత్రికే. నార్కట్‌పల్లి దగ్గరైతే అక్కడి కామినేని మెడికల్ కాలేజీ ఆసుపత్రి. పంతంగి దాటితే చౌటుప్పల్ ప్రభుత్వ దవాఖానా. మా ఆయన బండి మీద వచ్చేది మొదటి ముక్కలోకే. మూడో ముక్కకైతే ఆఫీసులో పనిచేసే సార్ వాళ్ల కారు, ఆయనను ముందే అడిగి పెట్టుకున్నాను.

చీటీ రాసేటప్పుడు ఒక రోజు పని పెట్టుకుని ఆ దవాఖానాలకు ఫోన్ చేసి కనుక్కోండి. రాత్రిపూట కాన్పుల డాక్టర్ ఉంటారా, ఆపరేషన్ చేస్తారా, రక్తం దొరుకుతుందా. బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నంత మాత్రాన లోపల మత్తు డాక్టర్ ఉంటారని కాదు.

ఇక 108. ఈ నంబరు తెలియనివాళ్లు లేరు, కానీ ఫోన్ చేసి ఏం చెప్పాలో చాలామందికి తెలియదు. కంగారులో మొదట నొప్పి గురించి మొదలుపెడతాం. మొదట చెప్పాల్సింది మీరున్న చోటు, ఎందుకంటే సిగ్నల్ పోయినా వాళ్లకు అదొక్కటి చేరి ఉంటే బండి బయల్దేరుతుంది. నేను ఆ చెల్లెతో పైకి అనిపించాను కూడా: "హైవే మీద, హైదరాబాద్ పోయే వైపు. నార్కట్‌పల్లి దాటినం, చిట్యాల ఇంకా రాలేదు. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నా. పక్కన పెట్రోల్ బంకు ఉంది. నాకు ఎనిమిదో నెల. ఉమ్మనీరు పోతున్నది." ఇంతే. ఏ వైపు అనేది తప్పక చెప్పాలి. మధ్యలో డివైడర్ ఉంటుంది కాబట్టి ఎదురు వైపు వచ్చిన అంబులెన్స్ మళ్లీ ఎక్కడో తిరిగి రావాలి. రోడ్డు పక్కన చిన్న కిలోమీటరు రాయి కనపడితే దాని మీది అంకె చదివి చెప్పండి. కండక్టర్ చేతికి ఫోన్ ఇస్తే ఇంకా మేలు, రోజూ తిరిగే మనిషికి జాగా పేర్లు మనకంటే బాగా తెలుసు.

జాతీయ రహదారి మీద 1033 అని ఇంకో నంబరు ఉంది. టోల్‌ప్లాజాల దగ్గర ఉండే అంబులెన్స్, క్రేన్, గస్తీ బండి దాని కిందికి వస్తాయి. మన దారిలో పంతంగి టోల్‌ప్లాజా ఉంది, సూర్యాపేట వైపు పోయేవాళ్లకు కొర్లపహాడ్ ఉంది. 108 బండి దూరంలో ఉందంటే 1033కి కూడా చేయండి. పోలీసులు కావాలంటే 112, రైలులో ఉంటే 139. చెకప్‌ల కోసం సర్కారు దవాఖానాకు పోయి రావడానికి 102 అమ్మ ఒడి బండి ఉంది, ఆశా కార్యకర్తకు ముందురోజు చెప్తే ఏర్పాటు చేస్తుంది. దాన్ని చెకప్ రోజున వాడుకుంటే ఆ ఒక్క రోజైనా బస్సు తిప్పలు తప్పుతాయి. చాలామంది "మనకెందుకులే" అని వదిలేస్తున్నారు, అది సరికాదు.

పొగమంచు రోజు

రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి కదలకపోతే నేల తొందరగా చల్లబడుతుంది, దాని మీది తేమ పొగమంచుగా మారుతుంది. అందుకే చెరువుల పక్కన, తడి పొలాల మధ్య ఎక్కువ. పానగల్లు ఉదయ సముద్రం వైపు గానీ, నార్కట్‌పల్లి దారిలో పొలాలున్న చోట గానీ ఆరున్నరకు ఏమీ కనిపించదు, ఎండ పైకి వచ్చాక మెల్లగా విడిపోతుంది. వాతావరణ శాఖ లెక్కలో 200 మీటర్ల లోపే కనిపిస్తే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపైతే అతి దట్టమైనది. మనకు మీటర్ల లెక్క ఎక్కడ తెలుస్తుంది? ఇంటి ముందు నిలబడి కరెంటు స్తంభాలు చూడండి. రెండో స్తంభం కనపడకపోతే ఆ బస్సు వదిలేయండి. నేను ఆఫీసులో ముందే మాట్లాడుకుని, పొగమంచు రోజు గంటన్నర ఆలస్యంగా వచ్చి సాయంత్రం ఆ పని పూర్తి చేయకుండా మరుసటి రోజు సర్దేలా ఒప్పించాను. సాయంత్రం ఆలస్యమైతే చీకట్లో పోవాలి, అదీ ప్రమాదమే కదా.

పొగమంచుకు తోడు మన దగ్గర ఇంకోటి ఉంది, వడ్లు. వానాకాలం కోతలయ్యాక రోడ్డు పక్కన, కొన్నిచోట్ల సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయాక రాళ్లు అక్కడే ఉంటాయి. వెనక లైటు లేని ట్రాక్టర్లు వడ్ల బస్తాలతో వడ్లు కొనే ఐకేపీ కేంద్రాలకు పోతుంటాయి. రైతును తప్పుపట్టడానికి లేదు, ఆరబెట్టుకోవడానికి కల్లం లేనప్పుడు ఎక్కడ పోసుకుంటాడు? కానీ డ్రైవర్ ఒక్కసారిగా బ్రేకు వేసేది ఇక్కడే. అందుకే ఆ దారిలో కునుకు తీయకండి, ముందు సీటు కమ్మీ పట్టుకునే ఉండండి. షేర్ ఆటోలో అయితే ఈ కాలంలో అసలే వద్దు. పక్కకు వేలాడుతూ కూర్చునే జాగాలో కడుపుతో ఉన్న మనిషి కూర్చోవడం నాకు చూడ్డానికే భయం.

ఏ బస్సు, ఏ సీటు

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. ఇది ఎంతమందికి మేలు చేసిందో రోజూ కళ్లారా చూస్తున్నాను. బస్సు నిండుతుంది, అదీ నిజమే. కాబట్టి రెండు పనులు చేయండి. ఒకటి, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు బ్యాగు పై జేబులోనే ఉంచండి, గుంపులో నిలబడి వెతుక్కునే పని పెట్టుకోకండి. రెండు, బస్సు మొదలయ్యే చోటే ఎక్కండి. నల్గొండ బస్టాండుకు పది నిమిషాలు ముందు పోతే సీటు దొరుకుతుంది, మధ్యలో చేయెత్తి ఎక్కితే దొరకదు. గమ్యం యాప్‌లో కొన్ని బస్సులు ఎక్కడున్నాయో కనిపిస్తుంది, చలిలో బయట నిలబడటం తగ్గుతుంది. నాన్‌స్టాప్ బోర్డు చూసుకోండి, అది మనకు కావాల్సిన చోట ఆగదు.

సీటు కావాలంటే అడగాలి. మొహమాటపడి కమ్మీ పట్టుకుని నిలబడేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆడవాళ్ల సీట్ల దగ్గరికి పోయి "అమ్మా, నాకు ఏడో నెల, జర కూసుంట" అంటే చాలు. మన ఊళ్ల పెద్దమ్మలు "అయ్యో, ఇటు రా బిడ్డా" అని లేచి కూర్చోబెట్టి, ఎన్నో కాన్పు, తల్లిగారిది ఏ ఊరు అని దిగేదాకా అడుగుతారు. ఎవరూ లేవకపోతే కండక్టర్‌కు చెప్పండి. చివరి వరుస, వెనక చక్రాల పైన సీట్లు వద్దు, గతుకుల దెబ్బ అంతా అక్కడే. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్యలో, నడిచే దారి పక్కన కూర్చుంటే కాళ్లు చాపుకోవచ్చు, లేవడం తేలిక. బెల్టు ఉన్న బస్సైతే దాన్ని పొట్ట మీదుగా కాదు, పొట్ట కిందుగా తొడల మీదికి వచ్చేలా పెట్టుకోవాలి. ఎక్కడానికీ దిగడానికీ బస్సు పూర్తిగా ఆగాకే. మంచుకు మెట్లు తడిసి ఉంటాయి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో, కమ్మీ ఒక చేత్తో. బ్యాగు భుజానికి ఉండాలి, చేతిలో ఉండకూడదు.

నల్గొండ, చిట్యాల రైల్వే స్టేషన్లు ఒకే లైను మీద ఉన్నాయి, మహబూబ్‌నగర్ నుంచి కూడా సికింద్రాబాద్‌కు రైలుంది. టైము కలిస్తే రైలే నయం, బాత్రూమ్ ఉంటుంది, లేచి నడవచ్చు. రిజర్వేషన్‌లో గర్భిణులకు కింది బెర్తు కోటా ఉంది.

బ్యాగులో ఏముండాలి

తల్లీబిడ్డల కార్డు, చివరి స్కానింగ్ రిపోర్టు, రక్త పరీక్షల కాగితం. ఇవన్నీ జిరాక్స్ తీసి ప్లాస్టిక్ కవర్లో. అసలువి ఇంట్లో ఉంటే చాలదు, ఎందుకంటే మనల్ని చూసే డాక్టర్ ఆ రోజు మనకు తెలియనివాళ్లు కావచ్చు. కార్డు మొదటి పేజీ మీద రక్తం గ్రూపు పెద్దగా రాయండి. నెగెటివ్ అయితే ఎర్ర పెన్నుతో. వాడే మందుల పేర్లు, ఏ మందు పడదో అది కూడా. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని, తినడానికి ఏదైనా ఒకటి, ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి.

నీళ్లు. చలికాలంలో దప్పిక తెలియదు, పైగా "మధ్యలో పోవాల్సి వస్తుందేమో" అని ఆడవాళ్లం తాగడం మానేస్తాం. రెండూ కలిసి మూత్రంలో ఇన్ఫెక్షన్ తెస్తాయి, ఒంట్లో నీరు తగ్గితే పొట్ట గట్టిపడి నొప్పులు కూడా రావచ్చు. చిన్న ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు పెట్టుకుని గుటక గుటకగా తాగండి, ఎక్కేముందు బస్టాండులో పోయి రండి, ఆపుకోకండి. టోల్‌ప్లాజాల దగ్గర మరుగుదొడ్లు ఉంటాయి, డ్రైవర్‌ను అడిగితే ఆపుతారు. కడుపుతో ఉన్నామంటే కాదనే డ్రైవర్‌ను నేను చూడలేదు.

తిండికి పల్లీ పట్టీ, అరటిపండు, ఇంట్లో చేసిన సర్వపిండి ముక్క. ఇవి చల్లబడినా తినవచ్చు, పాడు కావు. రక్తం గోలీ (ఐరన్), కాల్షియం గోలీ రెండూ ఒకేసారి వేసుకోవద్దు. రక్తం గోలీ వేసుకున్న గంటలోపు చాయ్ వద్దు. బస్టాండులో చాయ్ తాగి వెంటనే గోలీ మింగితే ఒంటికి సరిగ్గా పట్టదు.

మిగతావి: పూర్తిగా చార్జ్ చేసిన పవర్ బ్యాంకు, చిన్న టార్చ్, ప్యాడ్లు, ఒక మెత్తని పాత నూలు చీర, శాలువా, వాంతికి ప్లాస్టిక్ కవర్లు, ఆటోకో హోటల్‌కో ఇవ్వడానికి చిల్లర నోట్లు. మీసేవలో కాగితాలకు ఇచ్చే గట్టి కవరు ఒకటి దొరికితే దాచుకోండి, అన్ని రిపోర్టులూ అందులో పడతాయి. నూలు చీర ఎందుకో కింద చెప్తాను.

బట్టలు పొరలు పొరలుగా వేసుకోండి. ఆరింటికి వణుకు, తొమ్మిదింటికి నిండిన బస్సులో చెమట. ఒకటే మందపు స్వెట్టర్ కంటే పల్చటివి రెండు మేలు. కాళ్లకు సాక్సులు, జారని చెప్పులు. బస్టాపు దగ్గర టైర్లు, ప్లాస్టిక్ వేసి చలిమంట కాస్తుంటారు, ఆ పొగలో నిలబడకండి. జలుబు, దగ్గు తగిలితే మాస్కు పెట్టుకోండి గానీ మెడికల్ షాపులో చెప్పి గోలీలు కొనకండి. ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి గోలీలు కడుపులో బిడ్డకు మంచివి కావు. జ్వరం 100.4 దాటితే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఫ్లూ టీకా గురించి చెకప్‌లో అడగండి.

బస్సు ఆగిపోతే

పొగమంచుకో, చెడిపోయో బస్సు హైవే మీద ఆగితే మొదట చూడాల్సింది అది ఎక్కడ ఆగింది అని. రోడ్డు పక్కకు పూర్తిగా దిగి ఆగి, లోపల లైట్లు వెలుగుతుంటే లోపలే ఉండండి. రోడ్డు మీదే ఆగితే దిగి, ఎడమ పక్కకు, ఇనుప బారికేడ్ అవతలికి పోండి. ఆగిన బస్సు వెనక ఎప్పుడూ నిలబడకండి, వెనక నుంచి వచ్చే లారీకి బస్సే కనపడదు, మీరేం కనపడతారు. దగ్గర్లో దాబా, పెట్రోల్ బంకు ఉంటే ఇంకో ఇద్దరు ఆడవాళ్లను తోడు తీసుకుని అక్కడికి నడవండి. ఇంటికి ఫోన్ చేసి జాగా చెప్పి, ఫోన్‌లో వీడియోలు చూడటం ఆపేయండి.

కూర్చున్న చోటే పాదాలు కిందికీ పైకీ ఆడించండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. కడుపుతో ఉన్నప్పుడు కాళ్లలో రక్తం గడ్డకట్టే అవకాశం ఎక్కువ. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు.

కొన్నింటికి బస్సు కదిలేదాకా ఆగకూడదు. రక్తం కనపడటం, ఉమ్మనీరు పోవడం, తట్టుకోలేని తలనొప్పితో కళ్లు మసకబారడం, ముఖం చేతులు ఉబ్బడం, ఫిట్స్, ఊపిరి ఆడకపోవడం, బిడ్డ కదలిక బాగా తగ్గడం, తొమ్మిది నెలలు నిండకముందే వరుసగా నొప్పులు రావడం. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108. "ఇంటికి పోయినంక చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు. బండి వచ్చేలోపు ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, శాలువా కప్పుకోండి.

బస్సులోనే కాన్పు అయ్యే పరిస్థితి అరుదు, కానీ పక్కన కూర్చున్నవాళ్లకైనా ఇది తెలిసి ఉండాలి. 108 వాళ్లను ఫోన్‌లోనే ఉంచి వాళ్లు చెప్పినట్టు చేయాలి. బిడ్డను లాగకూడదు, బొడ్డుతాడు కోయకూడదు, మావిని గుంజకూడదు. బిడ్డ బయటికి రాగానే మెత్తటి బట్టతో తుడిచి, తడి బట్ట తీసేసి, తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరినీ కలిపి పొడి బట్ట, పైన శాలువా కప్పాలి. తల తప్పక కప్పాలి. చలికాలంలో అప్పుడే పుట్టిన బిడ్డ ఒళ్లు నిమిషాల్లో చల్లబడుతుంది. ఆ పాత నూలు చీర ఇందుకు, చించితే రెండు ముక్కలు వస్తాయి.

ఎప్పుడు బయల్దేరకూడదు

సంక్రాంతికి ముందు మూడు నాలుగు రోజులు సాయంత్రం చౌటుప్పల్ నుంచి నల్గొండ రావడం పెద్ద పరీక్ష. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే కార్లన్నీ పంతంగి దగ్గర బారులు తీరతాయి. మునుగోడు మీదుగా ఇంకో దారి ఉంది, కానీ బస్సులు తక్కువ, చీకటి పడ్డాక ఆ దారి నాకు నచ్చదు. ఆ రోజుల్లో సెలవు పెట్టడమో, మధ్యాహ్నమే బయల్దేరడమో చేయండి. మాఘంలో చెరువుగట్టు జాతర రోజులు నార్కట్‌పల్లి దారికి, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర సూర్యాపేట దారికి ఇంతే. క్యాలెండర్ మీద ముందే గీత గీసుకోండి.

ప్రసూతి సెలవు మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు, అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే తీసుకోవచ్చు. 2017 సవరణతో వచ్చిన హక్కు ఇది, పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట వర్తిస్తుంది. "మొత్తం బిడ్డ పుట్టినంకనే వాడుకుంట" అని చివరి వారందాకా బస్సెక్కేవాళ్లున్నారు. నెలలు నిండేది జనవరిలో అయితే నా మాట విని మూడు నాలుగు వారాలైనా ముందే తీసుకోండి.

తొలి కాన్పుకు తల్లిగారింటికి పోయేవాళ్లు ఆ ప్రయాణం పండుగ రద్దీలో పెట్టుకోకండి. శ్రీమంతం ముహూర్తం ఏదైనా, బయల్దేరేది మాత్రం మామూలు వారం రోజున, ఎండ వచ్చాక, పది తర్వాత. పోయేముందు ఇక్కడి ఏఎన్‌ఎంకు చెప్పి కార్డులో అన్నీ రాయించుకోండి, అక్కడికి చేరిన రెండో రోజే ఆ ఊరి ఆశా కార్యకర్తను కలిసి కార్డు చూపించి, ఆమె నంబరు అమ్మ ఫోన్‌లోనూ తమ్ముడి ఫోన్‌లోనూ వేయించండి. ఆ ఊరి నుంచి దవాఖానాకు దారి ఏది, రాత్రి బండి ఎవరిది అని కొత్త చీటీ ఒకటి రాసి తలుపు వెనక అంటించాలి, పాత చీటీ అక్కడ పనికిరాదు.